వంక పెట్టని కూర

గరిటె అత్త ఉల్లిపాయలు వేయిస్తుంటే ఒక రూటు బస్సు దారి తప్పి ఆ వీధిలోకి వచ్చేసిందని బస్సు డిపో క్వార్టర్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. స్టీరింగు తిప్పింది డ్రైవరు చెయ్యి కాదట, ముక్కట. ప్రయాణికులంతా దిగి, ఆమె కిటికీ ముందు వరస కట్టి, తిని, మూతి తుడుచుకుని మళ్ళీ ఎక్కారట. ఆలస్యమైందని ఒక్కడూ నోరెత్తలేదట. ఎత్తడానికి నోరు ఖాళీగా ఉంటే కదా! ఆ బస్సులో మేమూ ఉన్నామని చెప్పుకునే వాళ్ళందర్నీ ఎక్కించాలంటే డిపోలోని బస్సులన్నీ తీసినా ఫుట్‌బోర్డు మీద వేలాడాల్సిందే. ఎవరైనా అనుమానంగా చూస్తే గోడ మీద పొడుగాటి గీత చూపించి, అదిగో బస్సు రాసుకున్న గుర్తు అంటారు. నిజానికి ఆ గీత నీళ్ళ ట్యాంకరు గీసింది. అయితేనేం? గోడ ఉంది, గీత ఉంది. కథకి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అదంతా ఆమె నాలుక బతికున్న రోజుల మాట.

నాలుక చచ్చిపోయిందన్న సంగతి ఆ భవనంలో ఎవరికీ తెలియదు. ఒక జ్వరం వచ్చింది. అందరికీ వచ్చినట్టే వచ్చి, అందరికీ పోయినట్టే పోయింది. పోతూ పోతూ ఆమె ముక్కునీ నాలుకనీ మూటకట్టుకు పోయింది. పొద్దున్నే కాఫీ తాగితే వేణ్ణీళ్ళు తాగినట్టుంది. పాలవాడిని తిట్టింది. బాణలిలో ఉల్లిపాయలు ఎర్రబడుతున్నాయి, వాసన లేదు. నూనెవాడిని తిట్టింది. చివరికి పచ్చిమిరపకాయ కసుక్కున కొరికితే కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి, నోరు మండింది, కానీ రుచి మాత్రం లేదు. అప్పుడు తిట్టడానికి మనిషి దొరక్క స్టూలు మీద కూలబడింది.

మొగుడికి మాత్రం చెప్పింది. ఆయన బస్సు కండక్టరు. ఉద్యోగం మానేసి చాలా కాలమైనా భాష మానలేదు. ఇంట్లోంచి వీధిలోకి వెళ్తే దిగుతున్నానంటాడు, మంచమెక్కితే సీటు దొరికిందంటాడు. ఆమె చెప్పింది విని కాసేపు తల గోక్కున్నాడు.

"ఓస్, అంతేనా! నా నాలుక ఖాళీగానే ఉందిగా. నువ్వు నడుపు, నేను విజిలేస్తా."

ఆ మర్నాటినుంచి పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాడు. ఆమె గరిటెతో కూర చాచేది, ఆయన ఊదుకుని నాకేవాడు. బాగుంటే "రైట్ రైట్" అనేవాడు. బాగోకపోతే "హోల్డాన్!" అని అరిచేవాడు. "ఉప్పు ఇంకా ఎక్కలేదు, అప్పుడే కదలకు." "కారం ఫుట్‌బోర్డు మీద వేలాడుతోంది, లోపలికి తొయ్యి." ఆమె నవ్వుతూనే చిటికెడు వేసేది. కిటికీ దగ్గర కొనుక్కునేవాళ్ళకి తేడా తెలియలేదు. పైగా ఇప్పుడింకా బాగుందన్నారు.

"ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి," అన్నాడు ఆయన ఒకరోజు, నవ్వు ఆపి. "వంట చేసేవాళ్ళకి నాలుక పోవడం, డ్రైవరుకి కళ్ళు పోవడం ఒకటే. తెలిసిందంటే ఎవ్వరూ బండెక్కరు."

ఆ మాట చెప్పిన మనిషి ఒక మధ్యాహ్నం ఆ కుర్చీలోనే పోయాడు. ఆమె కూర తీసి, గరిటె చాచి నిలబడింది. ఆయన నోరు తెరవలేదు. చల్లారుతుందయ్యా అంది. మళ్ళీ అంది. కూర చల్లారింది.

తర్వాత కిటికీ మూసేసి మంచమెక్కింది. క్వార్టర్ల జనం ఊరుకోలేదు. అందరూ ఒకప్పుడు డిపోలో పనిచేసినవాళ్ళో, వాళ్ళ పిల్లలో. అసోసియేషన్ అని పేరుకుంది గానీ అది ఒక పెద్ద కుటుంబం, పెద్ద కుటుంబాల్లో ఉండే పోట్లాటలన్నిటితో సహా. మొదటి అంతస్తు ఎలక్ట్రీషియన్ రోజూ వచ్చి తలుపు కొట్టేవాడు. ఆమెను అత్తా అని పిలుస్తాడు కాబట్టి వాడికి కరెంటు అల్లుడని పేరు. రెండో అంతస్తు టైలరమ్మ గుమ్మంలో కూచుని ఏడ్చేది. "లే అత్తా, వండు అత్తా. నీ కూర లేకపోతే ముద్ద దిగట్లేదు." అలా బతిమాలి, బుజ్జగించి, లేపి పొయ్యి ముందు నిలబెట్టారు.

ఆ మొదటి రోజు ఆమె కూర పొయ్యి మీదికి ఎక్కించింది. ఉప్పు డబ్బా చేతిలో పట్టుకుని ఖాళీ కుర్చీ వంక చూసింది. కుర్చీ ఏమీ అనలేదు. ఇన్నేళ్ళు వండిన చెయ్యి, దానికే తెలుస్తుందిలే అనుకుని వేసేసింది. వాళ్ళు కిటికీ ముందే నిలబడి తిన్నారు. తిని, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, "అమృతం" అన్నారు. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. చెయ్యికి తెలుసు. చెయ్యి మర్చిపోలేదు.

అప్పట్నుంచి ఆమె బతుకంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది.

అనుమానం రాకపోలేదు. రాకుండా ఎలా ఉంటుంది? ఇదివరకు వీధిన పోయేవాళ్ళు, గోడౌను కూలీలు, పక్క సందు మెకానిక్కులు కిటికీ దగ్గర మూగేవాళ్ళు. ఇప్పుడు క్వార్టర్ల వాళ్ళు తప్ప ఎవరూ రావడంలేదు. చౌరస్తా దగ్గర రోడ్డు తవ్వారు కదా, అందుకే జనం అటునుంచి అటే పోతున్నారని ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంది. ఇంటింటికీ ఆమె కూర పెట్టిచ్చే టిఫిను బాక్సుల సంగతి ఇంకోటి. ఇదివరకు వాటిని వేళ్ళతో ఊడ్చి నాకేసి, కడగకుండా తిరిగిచ్చేవాళ్ళు. "కడగడానికేం మిగిల్చాం అత్తా!" అని వెక్కిరించేవాళ్ళు. ఇప్పుడు ప్రతి బాక్సూ తోమి, తుడిచి, తళతళలాడుతూ వస్తోంది. మొగుడు పోయిన మనిషికి పని తగ్గిద్దామనుకుంటున్నారు పాపం అనుకుంది.

అన్నిటికంటే పెద్ద ధైర్యం చెకింగ్ మామయ్య. మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. ఉద్యోగంలో చెకింగ్ ఇన్‌స్పెక్టరు. నడిచే బస్సెక్కి కండక్టర్ల తప్పులు పట్టడం ఆయన పని. రిటైరయ్యాక తప్పులు పట్టడానికి బస్సులు దొరక్క ఆమె కూరలు పట్టుకున్నాడు. ఉప్పు తక్కువన్నాడు, ముక్క లావన్నాడు, ఆ రెండూ కుదిరిన రోజున గిన్నెకి సొట్ట ఉందన్నాడు. ఆయన వంక పెట్టని కూర ఈ భూమ్మీద పుట్టలేదని అందరూ అనేవారు. అలాంటి మనిషి, ఆమె మొగుడు పోయినప్పట్నుంచి బాక్సు తెచ్చిచ్చి తల వంచుకుని, "బాగుంది చెల్లెమ్మా" అంటున్నాడు. ఆ మాట విన్న రోజు ఆమె కుర్చీ వైపు తిరిగి, "విన్నావా, మీ చెకింగు కూడా రైటన్నాడు" అంది.

ఇలా ఉండగా అసోసియేషన్ సెక్రటరీకి ఒక ఆలోచన వచ్చింది.

సెక్రటరీ మంచివాడే. కడుపులో పుండు ఉండటం వల్ల పెళ్ళాం ఉడకబెట్టి పెట్టింది తప్ప బయటి మెతుకు ముట్టడు. అత్త కూర ఆయన జన్మలో రుచి చూడలేదు. చూడకపోయినా అందరి నోటా అమృతం అమృతం అని విని విని, అసోసియేషన్ తరఫున ఒక ఫుడ్ ట్రక్కు కొందామన్నాడు. డిపో వాళ్ళు పాత మినీ బస్సులు అమ్మేస్తున్నారు. ఒకటి తెచ్చి, సీట్లు పీకి, పొయ్యి బిగించి, అత్తను ఎక్కించి ఫ్యాక్టరీ గేటు ముందు నిలబెడితే చాలు. వచ్చిన దాంతో కారుతున్న డాబా బాగవుతుంది, పైకీ కిందకీ పోవడం మానేసి ఎవరిదో సైకిలుకి గదిగా మారిన లిఫ్టు మళ్ళీ కదులుతుంది. ఆలు లేదు చూలు లేదన్నట్టు, బండి ఇంకా చూడకముందే దానికి వేయాల్సిన రంగు నమూనాలు మెట్ల గోడకి అంటించాడు.

అత్తకి ఆ రంగులు చూస్తే గుండె కొట్టుకుంది. ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడేవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళు. వాళ్ళు కొనుక్కుని తిని, మర్నాడు మళ్ళీ వచ్చారంటే ఇంక అనుమానమే అక్కర్లేదు. ఆమె ఇంకా వంటమనిషే. కాకపోతే? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచి ఏదో ఒక గిన్నె తోమేది.

ఆ భవనంలో మీటింగులు మెట్ల మీదే జరుగుతాయి. హాల్లో విరిగిన బెంచీలు పేరుకుపోయాయి. కాబట్టి ఎవరి అంతస్తులో వాళ్ళు ఇనప రెయిలింగు పట్టుకుని నిలబడి, మధ్యలోని బావిలాంటి ఖాళీలోకి వంగి అరుచుకుంటారు. ఓటు కూడా బస్సు పద్ధతే. గరిటెతో, తాళంచెవితో, చేతికేది దొరికితే దాంతో రెయిలింగు మీద కొట్టాలి. రెండు దెబ్బలంటే పోనివ్వు. ఒక్క దెబ్బంటే ఆపు. బస్సులో ఒక్క ముసలమ్మ ఒకసారి కొట్టినా డ్రైవరు ఆపాల్సిందే కదా, ఇక్కడా అంతే. ఒక్కరు ఒక్క దెబ్బ కొడితే ఎంత పెద్ద తీర్మానమైనా ఆగిపోతుంది. ఈ పద్ధతి పెట్టింది అత్త మొగుడే. ఒక్క దెబ్బ కొట్టినవాడి మొహం మిగతావాళ్ళు ఏడాదిపాటు చూడరు గనక, దాన్ని వాడిన వాళ్ళు తక్కువ.

ఆ సాయంత్రం ఆమె గరిటె పట్టుకుని కింద మెట్టు మీద నిలబడి తలెత్తి చూసింది. అంతస్తు అంతస్తుకీ తలకాయలు.

"బండి ఎక్కడ పెడతారండీ?" టైలరమ్మ మొదలుపెట్టింది. "నా కిటికీ కిందా? నాకు వెలుతురు పోతే చొక్కాకి మూడు చేతులు కుట్టేస్తా, మీ ఇష్టం."

"ఇప్పుడు రెండూ సమానంగా కుడుతున్నావా ఏంటి?" అన్నాడు కరెంటు అల్లుడు.

"నువ్వు బిగించిన ఫ్యాను నా నెత్తిమీద పడింది, ముందు దాని సంగతి చెప్పు."

"అసలు విషయానికి రండమ్మా," అన్నాడు సెక్రటరీ.

"అసలు విషయం గ్యాసు సిలిండరండీ," అన్నాడు అల్లుడు. "అది పేలిందనుకోండి. బండి పోతే పోయింది, అత్త పోతే?"

"ఇంట్లో పేలదా?"

"ఇంట్లో... ఇల్లు కదలదు కదండీ."

"మరి నడిపేదెవరు?" ఎవరో పైనుంచి అన్నారు. సెక్రటరీ డ్రైవర్లని పేరుపేరునా అడిగాడు. బస్సుల్ని కొండలెక్కించామనీ, వరదలో ఈదించామనీ చెప్పుకునే మహావీరులంతా ఉన్నట్టుండి మోకాళ్ళు పట్టుకున్నారు. ఒకాయనకి నడుం, ఒకాయనకి శుక్లాలు, ఒకాయనకి భార్య ఒప్పుకోదు.

అత్తకి ఒళ్ళు మండింది. వెలుతురు, సిలిండరు, మోకాళ్ళు! ఇష్టం లేదని ఒక్కళ్ళూ అనరు, సరేనని ఒక్కళ్ళూ అనరు.

"నేను బాగుపడితే మీ కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారేమర్రా!" అని అరిచింది. "నా వంట మీద అనుమానమా?"

"అయ్యో, వంట మాటే లేదత్తా!" అన్ని అంతస్తులూ ఒక్కసారే అన్నాయి.

మరీ ఒక్కసారే అన్నాయి. ఆమెకు అది చెవిలో రాయిలా తగిలింది. అయినా కోపం ముందుకు తోసింది.

"అన్నయ్యగారూ!" మూడో అంతస్తు వైపు గరిటె ఎత్తింది. "మీరు చెప్పండి వీళ్ళకి. జన్మంతా నాకు వంక పెట్టిన మనిషి మీరు. మీరే బాగుందంటున్నారు కదా ఇప్పుడు!"

చెకింగ్ మామయ్య రెయిలింగు మీద చేతులు అటూ ఇటూ జరిపాడు. "బాగుంటోంది చెల్లెమ్మా."

"ఏం బాగుంటోంది?"

"అన్నీను."

"నిన్నటి కూర?"

"ఆహా. నిన్నటిది మరీనూ."

"నిన్న ఏం కూర వండాను అన్నయ్యగారూ?"

ఆయన పక్కవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు గోడమీది రంగు నమూనాల్ని శ్రద్ధగా చూస్తున్నారు.

"బంగాళాదుంప..." అన్నాడు చివరికి.

"కోడిగుడ్లు," అంది ఆమె.

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఆమె చూపు ఒక్కో అంతస్తే ఎక్కుతూ పైకి వెళ్ళింది. కరెంటు అల్లుడు తలొంచుకున్నాడు. టైలరమ్మ చీర అంచు మడతపెడుతోంది. తళతళలాడే బాక్సులు ఆమె కళ్ళ ముందు కదిలాయి. ఎవరి వంటింట్లో వాళ్ళు, కుళాయి తిప్పి, ఎక్కడ వినిపిస్తుందోనని, కూర వంకైనా చూడకుండా మెల్లగా గీకి పారబోసి, తోమి, తుడిచి, మొహాన నవ్వు తగిలించుకుని కిందికి దిగి రావడం. మొదటి రోజు సముద్రం తాగినట్టున్న కూరను వాళ్ళు మింగలేక కక్కలేక అమృతమన్నారు. రెండో రోజు మొదటి రోజు మాట కోసం అన్నారు. ఆపైన పిల్లి మెడలో గంట ఎవరు కడతారు? ఎవరికి వాళ్ళు, ముందు నేనెందుకు నోరు విప్పాలని అనుకుంటూ ఈ పాపం ఇన్నాళ్ళు మోశారు. ఆ అబద్ధాలన్నీ కలిసి చక్రాలు తొడుక్కుని ఇప్పుడు బండి అయ్యాయి.

ఇదేమీ అర్థం కాని సెక్రటరీ ఒక్కడే చేతులు రుద్దుకున్నాడు. "సరేనండీ, మాటలు చాలు. అత్త మనసు కష్టపెట్టొద్దు. కొట్టండి! పోనివ్వాలా, ఆపాలా?"

ముందు రెండో అంతస్తులో కత్తెర రెయిలింగు మీద రెండుసార్లు తగిలింది. టంగ్ టంగ్. అల్లుడి స్క్రూడ్రైవరు, టంగ్ టంగ్. తాళాలు, చెంచాలు, చేతికర్రలు. మూడో అంతస్తు నుంచి అందరికంటే గట్టిగా రెండు దెబ్బలు. ఇనుము పైనుంచి కింది దాకా వణికింది. ఆమె పాదాల కింది మెట్టు కూడా అదిరింది. అంత మోత ఆ భవనంలో ఎన్నడూ మోగలేదు. ఒక్కరికీ ఇష్టం లేని పనికి అందరూ కలిసి కొట్టిన మోత అది. బతికున్న మనిషి ముందు ఆ మొహాలతో నిలబడకూడదు. ఆమె మొగుడి పాడె ఎత్తినప్పుడు ఇవే మొహాలు.

"ఏకగ్రీవం!" అన్నాడు సెక్రటరీ. "అత్తా, నువ్వు కూడా కొట్టు. శుభం."

ఆమె గరిటె ఎత్తి రెయిలింగు మీద కొట్టింది. ఒక్కసారి.

ఆ మోత ఆగేదాకా అందరూ విన్నారు.

"ఒకటే కొట్టావు అత్తా. పొరపాటున..."

"పొరపాటు కాదు నాయనా. డ్రైవరుకి కళ్ళు లేవు. ఎవరూ ఎక్కొద్దు."

లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కాసేపటికి పైన ఒక్కో తలుపూ మూసుకుంది, పసిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో మూసినట్టు మెల్లగా.

మర్నాడు పొద్దున్నే ఆమె లేచి పొయ్యి వెలిగించింది. ఎందుకంటే ఒక ఆలోచన పట్టి లాగుతోంది. నాలుక పోతే పోయింది, మొగుడు పోతే పోయాడు. కానీ హోల్డాన్ అనే మనిషి ఒక్కరు దొరికినా చాలు, మళ్ళీ నడపొచ్చు. అలా అనగలిగే మనిషి ఈ భవనంలో ఉంటే ఒక్కడే ఉన్నాడు. చిన్న గిన్నెలో నాలుగు గుడ్లు ఉడికించి కూర చేసింది. దించే ముందు పిడికెడు ఉప్పు తీసుకుని, ఈసారి తెలిసే, మొత్తం వేసేసి కలిపింది.

చెకింగ్ మామయ్య నడకకని దిగుతుంటే కిటికీ తెరిచి పిలిచింది. ఆయన దొంగటిక్కెట్టుతో దొరికినవాడిలా వచ్చి నిలబడ్డాడు. ఆమె గరిటె చాచింది.

"నిన్న జరిగింది వదిలెయ్యండి. ఒక్కసారి నోట్లో వేసుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీరు చెబితే చాలు నాకు. రోజూ ఒక్కసారి వచ్చి తిట్టిపోండి, అంతే."

ఆయన ఊదుకుని నోట్లో వేసుకున్నాడు. దవడలు ఒక్క క్షణం ఆగాయి. కంటి చివర నీరు చేరింది. గొంతు దగ్గర ఎముక పైకి లేచి, అక్కడే నిలబడి, కష్టం మీద కిందికి దిగింది. ఆమె కిటికీ చువ్వ పట్టుకుని ఆయన పెదాల వంకే చూస్తోంది. తిట్టు అన్నయ్యా అని లోపల అనుకుంటోంది. ఊసెయ్యి. గిన్నె విసిరికొట్టు.

ఆయన జేబురుమాలుతో మూతి తుడుచుకున్నాడు. ఆమె మొహంలోకి చూశాడు, ఖాళీ కుర్చీ వైపు చూశాడు. నవ్వడానికి ప్రయత్నించాడు.

"రైట్ రైట్, చెల్లెమ్మా," అన్నాడు.

ఆమె గరిటె వెనక్కి తీసుకుంది. "మంచిది అన్నయ్యగారూ," అని కిటికీ మూసి గడియ పెట్టింది.

ఆ కిటికీ మళ్ళీ తెరుచుకోలేదు. గోడ మీద రంగుల కాగితాలు ఎండకి వెలిసి రాలిపోయాయి. బాక్సులు మాత్రం ఒకటొకటిగా తిరిగొచ్చాయి. ఎవరు ఎప్పుడు పెట్టారో ఎవరికీ కనిపించలేదు. మూసిన కిటికీ గట్టు మీద ఒకదాని మీదొకటి, తోమి, తుడిచి, మొహం చూసుకోవచ్చన్నట్టు మెరుస్తూ ఉండేవి.